వడగళ్ళు తగిలాయి

వడగళ్ళు.

మొదట ఒకటి, వాకిట్లో కారు మీద. ఆ తర్వాత నిమ్మకాయలంతేసి... ఆకాశం ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు.

అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్ళో మే నెల సాయంత్రం. పొయ్యి మీద మట్టికుండ. అందులో ఎర్రటి వేళ్ళు, ఎండుటాకులు మరుగుతున్నాయి. ఇల్లంతా చేదు వాసన.

ముట్టుకుంటే కందిపోయే పిల్ల అంటారు, మాటవరసకి.

ఆరేళ్ళ అనుష్క విషయంలో అది నిజం.

నెత్తుటిని గడ్డకట్టించే కణాలు ఆ ఒంట్లో నిలవవు. సాక్సు బిగిస్తే ఎర్రటి చుక్కలు. కుర్చీ తగిలితే నేరేడు రంగు. ముక్కులోంచి నెత్తురు మొదలైతే — తువ్వాళ్ళు తడిసి బరువెక్కుతాయి.

రెండేళ్ళుగా ఇంతే.

ఆస్పత్రి మందుకి పిల్ల మొహం బూరెలా ఉబ్బింది. మందు తగ్గిస్తే కణాలూ తగ్గాయి. ఆగి చూద్దాం అంది డాక్టరు. నళిని ఆగలేకపోయింది. తల్లి కదా. చైనా వైద్యం చేసే ఒక పెద్దావిడ దగ్గరికి పిల్లని తీసుకెళ్ళింది. ఆవిడ నాలుక చూసి, నాడి చూసి, పొట్లాలు కట్టిచ్చింది. ఆస్పత్రి మందు మాత్రం మానొద్దంది.

పొట్లంలో ఎర్ర వేరు.

నళిని గుర్తుపట్టింది. మంజిష్ఠ. చిన్నప్పుడు అమ్మమ్మ సానమీద అరగదీసిన వేరు. దేశం కాని దేశంలో, భాష కలవని మనిషి చేతిలో తనవాళ్ళెవరో కనిపించినట్టయింది. ఆ ఒక్క వేరుని చూసి మిగతావన్నీ నమ్మేసింది.

మొగుడికి చెప్పలేదు.

హెయిల్ వార్నింగ్ అని వడగళ్ళ హెచ్చరిక విని అవినాష్ ఆఫీసు నుంచి ముందే వచ్చాడు. వాసనే అన్నీ చెప్పేసింది.

మాటకి మాట లేచింది. ఆమె తల్లితనాన్ని అతను తిట్టాడు. అతని చదువుని ఆమె తిట్టింది. బయట కారు అద్దం భళ్ళుమంది. ఇద్దరికీ వినపడలేదు.

కుండ ఎత్తి సింకులో బద్దలుకొట్టాడు.

పెంకులు. పొగలు. గోడ మీద, నేల మీద ఎర్రటి చారలు... ఆ ఇంటికి అలవాటైన రంగే.

ముందే వంచిపెట్టిన ఒక కప్పు మిగిలింది.

"తాగమ్మా," అని నళిని పిల్ల కుడిచెయ్యి పట్టుకుంది.

"దాని లివర్ పోతే ఎవడు ఆన్సర్ చేస్తాడే? వదులు," అని అవినాష్ ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

లాగింది.

లాగాడు.

ఇద్దరిదీ ప్రేమే. ప్రేమకి గోళ్ళుండవనుకోవడం మన వెర్రి.

పిల్ల ఏడవలేదు. కప్పు జారి పగిలింది. అప్పుడు వదిలారు.

ఆ ఇంట్లో పిల్ల మీద ఏనాడూ చెయ్యి పడలేదు. బల్ల అంచులకి, మంచం కోళ్ళకి మెత్తలు కట్టి పెంచుకున్నారు. చేతులకి మాత్రం ఎవరూ మెత్తలు కట్టుకోలేదు.

తెల్లారేసరికి తేలాయి —

కుడిచేతి మీద అమ్మ వేళ్ళు. ఎడమచేతి మీద నాన్న వేళ్ళు. నేరేడు రంగులో, వేలికి వేలు.

నళిని పొడుగు చేతుల చొక్కా తెచ్చింది. తొడగాలంటే ముట్టుకోవాలి. ముట్టుకోలేకపోయింది. అవినాష్ ముందుకొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. స్కూల్లో నర్సు చూస్తే పోలీసుల్ని పిలుస్తుంది. పిల్లని తీసుకెళ్ళిపోతారు. ఇద్దరికీ తెలుసు.

అనుష్క తనే తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నర్స్ అడిగితే హెయిల్ తగిలింది అని చెప్తా. ఓకే, అమ్మా? ఓకే, నాన్నా?"

ఎవరూ ఓకే అనలేదు.

వద్దనీ అనలేదు.

వాకిట్లో వడగళ్ళు ఎప్పుడో కరిగిపోయాయి. కారు నిండా సొట్టలు, ఒక్కొక్కటీ ఎండలో స్పష్టంగా...