రంగనాయకమ్మ ఇంట్లో లేని బొద్దింకలు

నందిని ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి బొద్దింకలు కావాల. సోమవారం లోపల తీసకపోకుంటే మార్కులు పడవు. బొద్దింక పేగుల్లో గ్రెగరైన్ అని ఒక పరాన్నజీవి కాపురముంటాదంట. దాని ఒళ్లంతా కలిపితే ఒకే ఒక్క కణం.

"మన సింకు కింద కావల్సినన్ని ఉండాయి గదమా," అనింది నందిని.

వాళ్లమ్మ రంగనాయకమ్మ గబుక్కున పోయి కిటికీ మూసింది. "మెల్లిగా మాట్లాడు మే! మనింట్లో బొద్దింకలు యాడుండాయి? పైనింట్లో అడుగు పో."

పైనింటి భువనేశ్వరి నవ్వింది. "మా ఇంట్లో లేవు పాపా. మీ ఇంట్లోంచి ఎక్కి వస్తే చంపుతా ఉంటాను, అంతే."

తిరుపతిలో ఆ వీధికి పన్నెండిండ్లు. ఒక్కింట్లోనూ బొద్దింక లేదు. బొద్దింకల మందు డబ్బాలు మాత్రం ఇంటికి రెండుండాయి.

ఆదివారం సాయంత్రం నందిని కండ్లనీళ్లు పెట్టుకునింది. రంగనాయకమ్మ తట్టుకోలేకపోయింది. తలుపు గడియేసి, కొంగు బిగించి సింకు కింద దూరింది. పది నిమిషాల్లో ఊరగాయ సీసా నిండింది.

"యాడ పట్టినావంటే తిరుచానూరులో ఏదో లాడ్జీ అని రాయి. లాడ్జీకి పరువేముంటాది?"

మంగళవారం నందిని వాళ్ల సారు భానుచందర్ స్కూటరేసుకోని ఇంటికే వచ్చేసినాడు.

"ఇరవై ఏండ్ల సర్వీసులో ఒక్క పేగులో ఇన్ని గ్రెగరైన్లు సూడలేదమ్మా! పరిశోధనల పుస్తకంలో అచ్చేస్తాము, దొరికిన చోటుతో సహా. ఆ లాడ్జీ యాడుండాదో సూపించండి. చోటు అబద్ధమని తేలితే మాత్రం ప్రాజెక్టు కొట్టేస్తారు."

నందిని మొగం తెల్లబోయింది.

మెట్ల మీద చిక్కుడుకాయలు వలుస్తా ఉన్న భువనేశ్వరి చాట పక్కన పెట్టి లేచింది. "లాడ్జీ లేదు ఏమీ లేదు సార్. అవి మా ఇంటివే. మెట్లు దిగి వీళ్లింటికొచ్చినాయి. పుస్తకంలో నా పేరెయ్యండి."

"నీవా?" రంగనాయకమ్మ గొంతు వీధి చివరికి వినిపించింది. "నీ వంటింట్లో ఏముండాదని బతుకుతాయి అవి? మా సింకు కింద పుట్టి, మా నెయ్యి, మా పప్పు తిని పెరిగినాయి సార్! మా అత్త కాలం నించి మా ఇంట్లోనే ఉండాయి!"

పన్నెండిండ్ల కిటికీలూ తెరుచుకున్నాయి. సారు పెన్ను తీసి కాగితం మీద రాసుకున్నాడు. నందిని ఊపిరి పీల్చుకునింది.

రంగనాయకమ్మ అద్దాలు పెట్టుకోని ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇంటిపేరు కూడా రాయండి సార్. వీధి చివర ఇంకో రంగనాయకమ్మ ఉండాది. ఆమె ఇంట్లో బొద్దింకల్లేవు."