నాలుగు దీపాలూ ఎర్రబడ్డ సాయంత్రం

నేను ఒక దీపాన్ని. దండం పెట్టుకునే రకం కాదు. రన్‌వే పక్కన గడ్డిలో, కాళ్లు సిమెంటులో పాతుకుని కూర్చునే ఇనప్పెట్టెను. పైనుంచి చూసేవాళ్లకు తెల్లగా, కిందనుంచి చూసేవాళ్లకు ఎర్రగా కనిపిస్తాను. నాలాంటివాళ్లం నలుగురం, ఒక్కొక్కరం ఒక్కో వాలులో, వరుసగా ఉంటాం. దిగే పైలట్‌కు మాలో రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే సరైన దారిలో వస్తున్నట్టు. నాలుగూ తెలుపైతే మరీ ఎత్తున ఉన్నట్టు. నాలుగూ ఎరుపైతే నేల మీదికి వచ్చేస్తున్నట్టు, వెంటనే పైకి లేవాలి. మా భాషలో ఉన్నవి ఈ రెండు మాటలే. అందుకే మాకు అబద్ధమాడడం చేతకాదు.

ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. నా చూపు వెంట్రుకవాసి కూడా పక్కకు పోకుండా సరిచేసి పంపారు. ఓడ దిగి, లారీ ఎక్కి, రాయలసీమలోని ఓ చిన్న విమానాశ్రయానికి చేరాను. ప్రారంభోత్సవానికి పెద్దలందరూ వచ్చారు గానీ, మా వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు. అందరి కళ్లూ రిబ్బను మీదే.

మమ్మల్ని చూసుకునేవాడు ఓబులేసు. కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. పొద్దున్నే అద్దాలు తుడిచి, చుట్టూ గడ్డి పీకి, బాగుండావా అబ్బా అని పలకరించేవాడు. దసరా వెళ్లాక అతని కాంట్రాక్టు పొడిగించాలో వద్దో తేల్చేది మేనేజరు చక్రపాణి గారు. అందుకని ఆ నెలంతా మేనేజరు గారు సూర్యుడు పడమట పొడిచాడన్నా ఓబులేసు అవునని తల ఊపేవాడు.

అంతకుముందు ఏటా ఆయుధపూజ నాడు జీపుకూ జనరేటరుకూ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి సరిపెట్టేవారు. కొత్తగా వచ్చిన చక్రపాణి గారికి అది అన్యాయమనిపించింది. విమానాన్ని దించేవి దీపాలైతే పూజ జీపుకేమిటన్నారు. జీవితంలో మొదటిసారి నా గురించి ఒక ఆఫీసరు ఆలోచించాడని నేనూ ఉబ్బిపోయాను. ఉబ్బితే ఏమవుతుందో తర్వాత తెలిసింది.

ఓబులేసు పద్ధతిగా మా ఇనపమూతల మీద బొట్లు పెట్టాడు. పై ఆఫీసుకు పంపాల్సిన ఫోటోలో అవి కనిపించలేదు.

"బొట్టు నెత్తిన పెడతారటయ్యా? ముఖాన పెట్టు," అన్నారు మేనేజరు గారు.

మా ముఖమంటే అద్దమే. ఓబులేసు ఒక్క క్షణం అద్దం వంక చూశాడు. ఆ క్షణంలో అతనికి కాంట్రాక్టు గుర్తొచ్చి ఉంటుంది. గాలికి రాలిపోకుండా కుంకుమను నూనెలో కలిపి, ఫోటోలో నిండుగా కనిపించేలా నలుగురికీ అద్దమంతా పులిమాడు. ఇప్పుడు లక్ష్మీకళ వచ్చిందని చక్రపాణి గారు మురిసిపోయి కొబ్బరికాయ కొట్టారు. అందరూ గుగ్గిళ్లు తిన్నారు.

మసక చీకట్లు పడుతుండగా విమానం వచ్చింది. నడుపుతున్నది కెప్టెన్ ప్రసూన. నేను నా మామూలు తెలుపే వెలిగించాను. అది నా ముఖం దాటేసరికి ఎరుపైపోయింది. నాలుగూ ఎరుపులే చూసి ఆమె కాస్త పైకి లేచింది. అయినా ఎరుపే. ఇంకా లేచింది. అప్పటికీ ఎరుపే. నిండా మనుషులున్న విమానం మా నెత్తి మీదుగా దిగకుండానే వెళ్లిపోతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

దీపాలకు ఏమైందని టవర్ నుంచి ఫోనొస్తే, ఏమవుతుంది, ఇప్పుడే పూజ కూడా చేయించానని మేనేజరు గారు ధీమాగా చెప్పారు. ఆ మాట చెవిన పడగానే ఓబులేసు చేతిలోని గుగ్గిళ్లు పారేసి జీపు తీశాడు. పండగ కొత్త చొక్కా విప్పి తుడిచాడు. నూనె కుంకుమ కదా, ఇంకా పరుచుకుంది. కూర్చుని ఏడుస్తూ గోళ్లతో గీకాడు, డీజిలు పోసి రుద్దాడు. విమానం చుట్టు తిరిగి వచ్చేసరికి మా ముఖాలు తేటపడ్డాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు. ప్రసూన దిగింది.

దిగినదే తడవు మా దగ్గరికొచ్చి నా అంచున వేలు రాసి చూసింది. వేలు ఎర్రబడింది. ఇది ఎవరు చేశారని అడిగింది.

చక్రపాణి గారు గొంతు తగ్గించారు. "దీపాలు పాడయ్యాయంటే ఎవరికీ నష్టం లేదు మేడం. మనిషి పేరు బయటికొస్తే మాత్రం ఓబులేసు ఉద్యోగం రేపటికి ఉండదు." ఆ తప్పులో తన పేరు కూడా ఉందన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

చొక్కా లేకుండా, చేతులు ఎర్రగా నిలబడ్డ ఓబులేసు వంక ప్రసూన చాలాసేపు చూసింది. "దీపాలు మార్చేయండి," అని వెళ్లిపోయింది. లోకానికి మేం పాడైపోయింది అప్పుడే. వెంటనే మార్పించినందుకు చక్రపాణి గారికి ప్రశంస కూడా వచ్చింది.

మమ్మల్ని ఊడదీసే పని ఓబులేసుకే పడింది. నన్ను మోసుకొచ్చి పాత సామాన్ల షెడ్డులో పెట్టి, పక్కనే కూలబడ్డాడు.

"తప్పు నాది. నింద నీ మీద ఏసినారు. ఆ పొద్దు నోరు తెరిచింటే నా కొలువు పోతాండె అబ్బా."

నాకు కోపం వచ్చింది. చక్రపాణి గారి మీద ఇప్పటికీ ఉంది. ఓబులేసు మీద మాత్రం నిలవలేదు. ఇన్నేళ్లూ ముక్కూ ముఖం తెలియని వాళ్లను క్షేమంగా దించాను. పేరు పెట్టి పిలవగలిగిన నా మనిషిని, నింద మోసి, దించింది ఈ ఒక్కసారే.