శుక్రవారం ఎత్తిన చెయ్యి

మా కంప్యూటర్ ఆటలో ఆడేవాడే ప్రధానమంత్రి. దేశం యుద్ధంలో ఉంటుంది. నాలుగో ఏట ఎన్నికలొస్తాయి. జనం విసిగిపోయి ఉంటే, గెలుస్తున్న యుద్ధం మధ్యలోనే గద్దె దిగాలి. ఇంకొకడు దాన్ని నడుపుతుంటే ప్రతిపక్షంలో కూర్చుని చూడాలి. ఈ నియమం నేను రాశాను. రెండేళ్లు పట్టింది. దీని పేరెత్తితే మా యజమానికి ఒళ్లు మంట.

ఆయన్ని చాటుగా సేనాపతి అంటాం. "ఆట కొనుక్కున్నవాణ్ణి ఓడిస్తే ఊరుకుంటాడా? ఎన్నికలు వాయిదా వేసే బటన్ పెట్టు," అని ఒకటే పోరు. కానీ మా ఆఫీసులో ఏ నియమం మార్చాలన్నా శుక్రవారం ఆయనతో కలిపి ఏడుగురం బల్ల చుట్టూ నిలబడి చేతులెత్తాలి. ఒక్క గదిలో మొదలైన రోజుల్లో ఆయన పెట్టిన పద్ధతే అది. ఆ బటన్ కోసం వరసగా మూడు శుక్రవారాలు ఓడిపోయాడు. నాకు కడుపు నిండిపోయింది.

నాలుగో శుక్రవారం మాటలకు తేనె పూసుకొచ్చాడు.

"విడుదలకి నలభై రోజులే ఉంది. మనమూ యుద్ధంలో ఉన్నట్టే. అప్పటిదాకా నిర్ణయాలు నాకొదిలెయ్యండి. తర్వాత మీ శుక్రవారాలు మీవే. కావాలంటే దీనికీ చేతులెత్తండి."

ఆటని పరీక్షించే అక్క మా అందరికంటే పెద్దది. మొహం మీదే అనేసింది. "వద్దు అబ్బాయ్. ఇలాంటివి ఒకసారి పోతే మళ్లీ రావు."

మూడు చేతులు లేచాయి. మూడు లేవలేదు. అందరూ నా వైపు చూశారు. ఈ ఒక్కదానికి ఊఁ అంటే నా నియమం జోలికి రాడులే అనుకున్నాను. ఏం తెలివి నాది! చెయ్యెత్తాను.

సోమవారం పొద్దున నా పనుల జాబితాలో మొదటిది, వాయిదా బటన్. సేనాపతి గదిలోకి దూసుకెళ్లాను.

"మాటైనా చెప్పకుండా నా నియమం ఎలా మారుస్తారండీ?"

ఆయన తల కూడా ఎత్తలేదు. "చెప్పక్కర్లేదని నువ్వే చెయ్యెత్తావు కదమ్మా."

ఆ మనిషిని చూస్తే అసహ్యం వేసింది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ వేసింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. పళ్లు నూరుకుంటూనే ఆ బటన్ చేసిచ్చాను.

ఆట విడుదలై ఐదు నెలలైంది. రెండో భాగం మొదలైంది కాబట్టి ఇంకా యుద్ధమేనట. శుక్రవారం బల్ల మీద ఇప్పుడు పాత కీబోర్డులు పడున్నాయి.

మొన్న అక్క ఆటగాళ్ల వివరాలు చూస్తోంది. నూటికి తొంభైమంది వాయిదా నొక్కేస్తున్నారంది.

"మరి యుద్ధం గెలిచాక ఎన్నికలు పెడుతున్నారా?" అని అడిగాను.

"ఎలా పెడతారే?" అంది అక్క. "దానికి నువ్వు బటన్ చెయ్యలేదుగా."