ఎత్తగలిగినంత లంగరు

కమ్మరి కొట్టు గోడకి లంగర్లు చేరేసి ఉన్నాయి. పడవ మనిషి భార్యతో వచ్చాడు. వస్తూనే అన్నిట్లోకీ చిన్నదాని పక్కన చతికిలబడ్డాడు. పొద్దుటి నుంచీ పడవ కింద వెల్లకిలా పడుకుని చీలిన చెక్కకి అతుకు వేసి వచ్చిన ఒళ్లు. లేవబుద్ధి కాలేదు.

"ఇది చాల్లే," అన్నాడు.

కమ్మరి నవ్వాడు. "దీన్ని దింపితే పడవ ఆగదు తమ్ముడూ. లంగరే పడవ వెనక షికారుకి బయల్దేరుతుంది. మొన్న నీ పడవ రాళ్ల మీదకి కొట్టుకుపోయింది ఇలాంటిదాంతోనే కదా?"

అవును. గాలి తిరిగేసరికి లంగరు ఇసకలో గీరుకుంటూ వచ్చేసింది. ఇంకోసారి అలా జరిగితే పడవ మిగలదు. అతనికి వేరే పనీ రాదు.

"నీ పడవకి ఆ నడిమిది కావాలి. తాడు కూడా లోతుకి ఐదింతలు వదులు. కురచగా కట్టావా, ఎంత బరువుదైనా పట్టదు."

అది తెలియక కాదు. చలికాలం నుంచీ కుడి భుజం పైకి లేవడం లేదు. పాత లంగరు తాడు తెగి నీళ్లలో పోయిందని ఇంట్లో చెప్పాడు గాని, పైకి లాగలేక తనే తాడు కోసేశాడు. అప్పటి నుంచీ అటక మీది చిన్నదాంతో నెట్టుకొచ్చాడు. మొన్న రాళ్లలో అదీ విరిగింది.

"ఏదీ, నడిమిది ఎత్తి చూడు," అంది భార్య.

ఎడమ చేత్తో పట్టుకున్నాడు. అది మోకాలి దాకా వచ్చి దబ్బున పడింది.

"కుడి చేతికేమైంది?"

"ఏమైంది, ఉందిగా."

"ఉంది. చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడకుండా ఉంది." గొంతు తగ్గించింది. "తెగిన తాడు కొస పీచు పీచుగా ఉంటుందయ్యా. నువ్వు తెచ్చినదానికి కత్తి గాటుంది. నువ్వే చెప్తావేమోనని ఇన్నాళ్లూ చూశా."

కమ్మరి ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయాడు.

అతనికి సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

ఆమె కొంగు దోపుకుని నడిమి లంగరు ఎత్తింది. తూలింది గాని దించలేదు. "నీ చేతికి సరిపోయేది కాదు, పడవకి సరిపోయేది తీసుకో. లాగడం నేను చూసుకుంటా."

"నీకు నీళ్ల మీద తల తిరుగుతుంది కదే."

"తిరగనీ. కక్కుకుంటూనే లాగుతా."

"చేపలెవరు అమ్ముతారు?"

"ఒడ్డుకొచ్చాక ఇద్దరం అమ్ముదాం. నీకు బేరమాడటం రాదు, తూకం పట్టుకుని నోరు మూసుకుని కూర్చో."

అతను ఆమె చేతుల్లోని లంగరుకి రెండో కొస ఎడమ చేత్తో పట్టుకున్నాడు. బరువు సగమైంది.

"నీళ్లకేసి చూడకు," అన్నాడు. "ఒడ్డుకేసి చూస్తూ ఉండు. తల తిరగడం కాస్త తగ్గుతుంది."

"మరి లాగేటప్పుడు?"

"అప్పుడు కళ్లు మూసుకో. నేను ఆపమంటే లాగడం ఆపు."