జవాబుకు వదిలిన చోటు

పలకరించి ఊరుకుంటే అవతల పలికేవాళ్ళు నిజంగా ఉంటారా అన్న సందేహం ఎనిమిదేళ్ళుగా అతన్ని వదల్లేదు. పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించినా అంతే. అడగవలసింది అడిగేసి, జవాబు కోసం ఒక్క క్షణమైనా ఆగకుండా బస్సుకి పరుగెత్తేవాడు. ఆఫీసులో హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక మళ్ళీ అదే సందేహం.

చిన్నపిల్లల కోసం తయారయ్యే పాటల పాడ్‌కాస్ట్ అది. పాటలమ్మ ఒక చరణం పాడి, "ఇప్పుడు మీరు చప్పట్లు కొట్టండి" అంటుంది. లేకపోతే "కప్ప ఎలా అరుస్తుంది?" అని అడుగుతుంది. ఆ తరువాత ఐదు సెకన్లు ఊరుకుంటుంది. కంప్యూటర్ తెర మీద ఆమె గొంతు కొండల్లా లేస్తుంది, ఆ ఐదు సెకన్లు మాత్రం సన్నటి గీత. ఆ గీతలోంచి మూడు సెకన్లు కోసి పారేయడం అతని ఉద్యోగం. ఖాళీ రెండు సెకన్లు దాటితే వినేవాళ్ళు జారిపోతారని మేనేజరు సిద్ధాంతం. అందుకే ఆఫీసులో అందరూ అతన్ని కత్తెర అంటారు.

యాభై దాటిన మనిషి. హెడ్‌ఫోన్లు నొక్కీ నొక్కీ చెవుల పైన జుట్టు ఊడి, రెండు పక్కలా నున్నటి గాడి పడింది. ఇంట్లో భార్య మూడోసారి కేకేస్తే గానీ వినపడదు.

"లోకంలో పిల్లలందరి మాటా వింటారు, ఇంట్లో మనిషి మాట తప్ప" అని ఆవిడ దెప్పుతుంది.

పిల్లల మాట తనెప్పుడు విన్నాడు గనక!

ఎనిమిదేళ్ళ కిందట, మొదటిసారి కోసిన రోజున పాటలమ్మ అతని గది గుమ్మంలో నిలబడింది.

"ఏం నాయనా, నా పిల్లల సెకన్లు మూడు మింగేశావట?"

"మేనేజరుగారు చెప్పారమ్మా. అయినా ఆ ఖాళీలో పలికేదెవరు?"

"పలికితే?"

"మీ మూడూ మీకు తిరిగిచ్చేస్తా."

"అప్పు సుమా!" అని నవ్వి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆమె ఆసుపత్రిలో చేరి పది రోజులైంది. వెళ్ళేముందు పాడిపెట్టిన కప్పపాటలో ఖాళీలన్నీ ఈ పొద్దున కోసేశాడు. టీ తాగుతూ, ఏమీ తోచక, ఎవరూ తెరవని శ్రోతల సందేశాలు తెరిచాడు. ఒక తల్లి పంపిన రికార్డింగు కనిపించింది. రెండు నెలల కిందటిది.

"మా పాపకి నాలుగేళ్ళండీ. మాట కొంచెం నిదానం. ఒకసారి వినండి."

ఎక్కడో గిన్నె చప్పుడు. పాటలమ్మ గొంతు, "కోడి ఎలా కూస్తుంది?" అంది.

"కొ... కొ..." లోతు బావిలోంచి నీళ్ళు తోడుతున్నట్టు పాప మాటను తోడుతోంది.

"భలే చెప్పావ్!" అంది పాటలమ్మ.

పాప ఆగిపోయింది. "ఇంకా... చెప్ప... లేదు."

చివర తల్లి గొంతు. "ఆవిణ్ణి కాస్త ఆగమని చెప్పండి. ఆగితే మా పిల్ల అందుకుంటుంది."

దాని కిందే ఆ తల్లి పోయిన వారం రాసిన ఒక్క ముక్క ఉంది. "ఇక చెప్పక్కర్లేదు లెండి. పాప వినడం మానేసింది."

టీ చల్లారిపోయింది. ఆ రికార్డింగును ఫోనులోకి ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. ఆమెకి ఒక్కసారి వినిపిస్తే చాలు. గుమ్మంలో మేనేజరు ఎదురయ్యాడు.

"కత్తెరా, పాటలమ్మగారు పోయారట. ఇందాకే ఫోనొచ్చింది. పాపం, మంచావిడ. ఆ కప్పపాట సాయంత్రానికి పెట్టెయ్. చివరి పాటంటే జనం ఎగబడి వింటారు."

అతను వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. తరువాత కోసిన ముక్కలన్నీ ఏరి తెచ్చి, ప్రతి ప్రశ్న పక్కనా మూడేసి సెకన్లు తిరిగి అతికించాడు.

సాయంత్రం మేనేజరు విసురుగా వచ్చాడు.

"ఇదేంటయ్యా, పాట మధ్య మధ్యలో మూగబోతోంది?"

"మూగ కాదండీ. అక్కడ పిల్లలు మాట్లాడుతున్నారు."

"మతిపోయిందా నీకు? కొయ్యి ముందు!"

"కొయ్యనండీ."

"అయితే రేపట్నించి ఆ కుర్చీలో కోసేవాడే కూర్చుంటాడు."

"సరేనండీ" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ దీపం ఆర్పడానికి పాటలు పాడే గదిలోకి వెళ్ళాడు. కిటికీ లేని గది, గోడలకి దళసరి దుప్పట్లు. పాటలమ్మ పాడుతుండగా ఒక్కనాడూ తొంగిచూసి ఎరగడు. ఉక్కపోస్తున్న ఆ గదిలో, మైకు ముందు స్టూలు మీద, మైకుకి వినపడకుండా పిల్లలతోపాటు చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతుల దగ్గర ఉన్ని పూర్తిగా అరిగిపోయిన చేతితొడుగులు ఒక జత, ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి.