గోడ ఇచ్చిన చోటు

ఆ ఇంట్లో పొద్దున్నే లేచి గోడలు తడిమి చూసుకోవడం అలవాటు. కొత్త వస్తువేదైనా వస్తుందంటే దానికి సరిపడా గూడు గోడే తనంతట తాను ఇచ్చేది. కుట్టుమిషను వచ్చే ముందు కిటికీ కింద ఇచ్చింది. కొడుకు పుట్టే ముందు ఉయ్యాల పట్టేంత ఇచ్చింది. మేస్త్రీ టేపు ముట్టుకోకుండా తన జానలతో కొలిచి కట్టుకున్న ఇల్లు అది. అలాంటి ఇల్లు ఆ మాత్రం చెయ్యదా?

ఇప్పుడు కొత్త బాయిలరు వస్తోంది. పాతది పోయిన వారం పొట్ట పగిలి చచ్చింది, దాని గూడూ మూసుకుపోయింది. బయట ఎముకలు కొరికే చలి. గురువారం కోడలు పసిపిల్లతో ఆసుపత్రి నుంచి వస్తుంది. ఈలోగా ఇల్లు వెచ్చబడాలి, వేన్నీళ్ళు రావాలి.

"ఏవండీ, వంటింట్లో ఏమన్నా కదిలిందా?" మేస్త్రీ భార్యకు కాలు నిలవడం లేదు.

"అక్కడిస్తే దాని నెత్తిన గిన్నెలు బోర్లిస్తావు. మెట్ల కింద ఇస్తుంది, చూస్తూ ఉండు."

సోమవారం గూడు వచ్చింది. మెట్ల కింద కాదు, పక్కింటికీ తమ ఇంటికీ మధ్య గోడలో. పక్కిల్లు తమ్ముడిది.

మేస్త్రీ మొహం మాడిపోయింది. పన్నెండేళ్ళ కిందట ఆ తమ్ముడే, నాలుగు అక్షరాలు వచ్చు కదా అని, నలుగురి ముందు టేపు వేసి "అన్నయ్యా, ఈ గోడ రెండు వేళ్ళు వంకర" అన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. తమ్ముడి భార్య పోయినప్పుడు కూడా మేస్త్రీ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాడు.

"నేను కట్టిన గోడ నాకే చెప్పొచ్చిందా!" అని సిమెంటు కలిపి గూడు పూడ్చేశాడు.

మంగళవారం మళ్ళీ తెరుచుకుంది, ఇంకో జానెడు లోతుగా. మళ్ళీ పూడ్చాడు. బాయిలరు బిగించేవాడు పెట్టె గుమ్మంలో దింపి, జరిగింది విని తల అడ్డంగా ఊపాడు.

"ఇల్లు ఒక చోటిస్తే నేను ఇంకో చోట మేకు కొట్టను పెద్దాయనా. రేపు మధ్యాహ్నం దాకా చూస్తా. దాటితే మళ్ళీ వచ్చే నెలే."

"పిల్లకేం కప్పుతారు, మీ పంతమా?" అంది భార్య.

బుధవారం గూడు గోడను దాటి అవతలి ఇంట్లోకి తెరుచుకుంది. ఆ చివర తలకు మఫ్లరు చుట్టుకున్న తమ్ముడి మొహం, వెనక వరసగా మూటలు.

"ఇసక ఎక్కువేశావు," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. ఆ మూటలేమిటి?"

"వృద్ధాశ్రమానికి. రేపు పొద్దున బండొస్తుంది. ఒక్కడికి ఇల్లెందుకు?"

పన్నెండేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ మేస్త్రీ గొంతు దాకా వచ్చి అక్కడే కూలబడ్డాయి. వీడు వెళ్ళిపోతే ఇక ఎవరి మీద కోపం పెట్టుకుని బతకాలి?

మధ్యాహ్నం వచ్చిన బిగించేవాడు బాయిలరును గూట్లోకి తోసి, ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. "మూతి అటువైపుకే పడుతోంది. ఒత్తిడి చూపే ముల్లు అటే ఉంటుంది. రోజూ పొద్దున చూడాలి. ఒకటికి దిగితే కుళాయి తిప్పి నీళ్ళెక్కించాలి, లేకపోతే ఆగిపోతుంది. అటు మనిషి ఉంటాడుగా?"

బతిమాలడం మేస్త్రీ ఒంట్లో లేదు.

"ఉంటాడు. మా ఇద్దరిలో అంకెలు చదవడం వచ్చినవాడు వాడే."

తమ్ముడు కళ్ళజోడు కోసం ఒక మూట విప్పాడు. అందులో లేదు. రెండోది విప్పాడు. ఆఖరికి అన్నీ విప్పాడు.

గురువారం పొద్దున వీధిలోకి రెండు బళ్ళు ఒకేసారి వచ్చాయి. ఒకదాంట్లోంచి కోడలు పిల్లను ఎత్తుకుని దిగింది. రెండోది పక్కింటి ముందు ఆగి హారను కొట్టింది, ఆగి మళ్ళీ కొట్టింది.

"ఎవడయ్యా అది, పనిలో ఉంటే!" గూట్లోంచి తమ్ముడు విసుక్కున్నాడు. తర్వాత గొంతు పెంచి అరిచాడు. "ముల్లు ఒకటిన్నర మీద నిలబడింది అన్నయ్యా! పిల్లకి నీళ్ళు పొయ్యమను!"