మా ఐవర్‌కి ఒక్క ఫోటో

మా తమ్ముడు ఐవర్ పోయిన మర్నాడు అంత్యక్రియలు చేయించేవాళ్ళ ఆఫీసులో కూర్చున్నాం, నేనూ మా మరదలు జెనీనూ. అక్కడి అమ్మాయి టామ్సిన్ మర్యాద తెలిసిన పిల్ల. శవపెట్టె కర్ర ఏ రంగు కావాలో, ఏ పాట పెట్టాలో, పువ్వులు మీరే తెచ్చుకుంటారా అని ఒక్కొక్కటీ మెల్లగా అడిగింది. ఆఖర్న, పెట్టె మీద నిలబెట్టడానికి ఆయన ఫోటో ఒకటి గురువారంలోగా పంపిస్తే చాలంది. జెనీన్ తల ఊపింది. నేనూ ఊపాను. ముప్ఫై ఏళ్ళుగా మెడలో కెమెరా వేలాడేసుకుని తిరుగుతున్న ఈవిడ ఇంట్లో ఫోటోకేం కొదవ అనుకున్నాను.

కొదవే ఉంది.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఊరంతా ఉంది అందులో. విండాంగ్ వంతెన కింద పెలికన్ పక్షులు, రేవు వెనక ఉక్కు కర్మాగారం పొగ గొట్టాలు, బొగ్గు కోసం సముద్రంలో బారులు తీరిన ఓడలు, వానలో తడిసిన థిరూల్ స్టేషన్, బస్టాండు చెత్తకుండీలో తల దూర్చిన ఐబిస్ కొంగ. మంచు పట్టిన కొండ, ఎండ పడ్డ కొండ, మబ్బు కప్పిన కొండ. అదే కొండ. మనిషి మాత్రం ఒక్కడు లేడు. జెనీన్‌కి ఫోటోలో మనిషి పడితే కిట్టదు. వాళ్ళ ఫోటో క్లబ్బులో అందరికీ అంతే. పోటీలకి వచ్చే జడ్జీలు కూడా, సముద్రం ఒడ్డున రాతి కొలనులో ఈత కొట్టే ముసలాయన టోపీ కనబడినా మొహం ముడుచుకుంటారట.

ఐవర్ ఆ ఉక్కు కర్మాగారంలోనే రాత్రి షిఫ్టులు చేసేవాడు. తెల్లారకముందే ఇంటికొచ్చి, బూట్లైనా విప్పకుండా మళ్ళీ కారెక్కి ఈవిణ్ణి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. కెమెరా స్టాండు వాడి భుజం మీద, టీ ఫ్లాస్కు వాడి చేతిలో. రాళ్ళ మీద జారకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని దించేవాడు. అన్నీ సర్దుకుని కెమెరాకి కన్ను ఆనించాక, తలెత్తకుండానే "ఐవర్, తప్పుకో" అనేది. వాడు తప్పుకునేవాడు. నేనొకసారి వాళ్ళతో వెళ్ళి ఆ మాట చెవులారా విన్నాను. కుర్చీని పక్కకి జరిపే గొంతుతో చెప్పింది. రిటైరయ్యాక కూడా వాడి బతుకేం మారలేదు. ఈ సోమవారం పొద్దున్నే కెమెరా సంచీ కారులో పెట్టబోతూ, కారు పక్కనే కూలిపోయాడు.

బుధవారమంతా వెతికాం. పాత ఫోన్లు, సీడీలు, అట్టపెట్టెలు ఏవీ వదల్లేదు. నా మోకాళ్ళు నొప్పులు పుట్టాయి. పక్కింటివాళ్ళు తెచ్చిచ్చిన మాంసం గిన్నెలు ఫ్రిజ్‌లో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, తినే ఓపిక ఎవరికీ లేదు. పెళ్ళి ఫోటో ఒకటి దొరికింది. భుజాల దాకా జుట్టు, గుబురు మీసం, ఎవడో బ్యాండు మేళం కుర్రాడిలా ఉన్నాడు. డ్రైవింగ్ లైసెన్సు మీద వాడి మొహం చూస్తే ఎవరైనా జేబు తడుముకుంటారు. నా దగ్గరున్న క్రిస్మస్ ఫోటోలో వాడు ఫ్రిజ్ తలుపు వెనక ఉన్నాడు, ఒక చెవీ మోచెయ్యీ కనిపిస్తున్నాయి.

సాయంత్రానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కొంగ మళ్ళీ తెర మీద కనబడేసరికి ఒళ్ళు మండింది.

"ముప్ఫై ఏళ్ళు నీ వెనక కాళ్ళరిగేలా తిరిగాడు జెనీన్" అన్నాను. "చెత్తకుండీలో కొంగకున్న పాటి ఫోటో లేదు వాడికి."

"తనకి ఫోటోలంటే పడేది కాదు వదినా."

"ఎప్పుడైనా అడిగావా?"

జెనీన్ లేచి వెళ్ళి, కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది. నాకు జాలి కలగలేదు, నిజం చెప్తున్నాను. మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడికి బూట్ల లేసులు కట్టడం నేర్పింది నేను. శుక్రవారం ఆ పెట్టె మీద పూలకుండీ పెట్టి, దాన్ని చూస్తూ వాణ్ణి తలుచుకోమంటారా జనాన్ని? ఫోటో లేకపోతే ఏమైందని ఎవరైనా అంటారేమో. నాకైంది. ఇంకో రెండేళ్ళకి వాడి మొహం నాకే మసకబారుతుందని భయం పట్టుకుంది. అమ్మ మొహం అలాగే పోయింది.

చీకటి పడకముందు కెల్విన్ వచ్చాడు. ఫోటో క్లబ్బు సెక్రటరీ, పొడుగాటి మనిషి, పాపం మంచివాడే. కొబ్బరి పొడి అద్దిన చాక్లెట్ కేకు ముక్కలు డబ్బా నిండా తెచ్చాడు. జెనీన్ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఏమైందని ఆయనడిగితే, ఉన్నది ఉన్నట్టు నేనే చెప్పేశాను. ఆయన చెవి గోక్కుంటూ కూర్చున్నాడు.

చివరికి, "మా దగ్గరున్నాడు బ్రన్‌గారూ" అన్నాడు.

అర్థం కాలేదన్నాను. నసుగుతూ నసుగుతూ చెప్పుకొచ్చాడు. ఆదివారాలు క్లబ్బు వాళ్ళంతా పోర్ట్ కెంబ్లా కొలను దగ్గర రాళ్ళ మీద వరసగా నిలబడతారు. ఐవర్ తన పెళ్ళాం ఫోటోకి అడ్డం లేకుండా పక్కకి తప్పుకుంటే, సరిగ్గా పక్కవాళ్ళ ఫోటోలోకి వచ్చిపడేవాడట. కొన్నేళ్ళుగా ఇదే తంతు. అందరూ లోపల్లోపల తిట్టుకునేవాళ్ళు. పైకి అనలేకపోయేవాళ్ళు, ఎందుకంటే ఆ తర్వాత వేడి టీ పోసిచ్చేదీ ఐవరే. అలా పాడైన ఫోటోల్ని కొందరు తీసిపారేశారు, బద్ధకస్తులు అలాగే ఉంచేశారు. మా క్లబ్బులో బద్ధకస్తులకేం తక్కువ లేదన్నాడు.

ఆ రాత్రే అందరికీ ఫోన్లు చేశాడు కాబోలు, గురువారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని దిగిపోయాడు. ఈసారి జెనీన్ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఇద్దరం ముందు రోజు నుంచీ మాట్లాడుకోలేదు.

ఉన్నాడు మా తమ్ముడు. ఒకటి కాదు, కుప్పలు కుప్పలుగా ఉన్నాడు. కానీ ఏం లాభం? ఎదురుగా సూర్యోదయం, దాని ముందు మనిషి. అన్నింట్లోనూ నల్లటి నీడ బొమ్మే. ఆ ఉన్ని టోపీ వాడిదే, ఒక కాలి మీద బరువు వేసి నిలబడడం వాడిదే, మొహం మాత్రం నల్లటి మచ్చ. అందులోనూ మనిషి విచిత్రంగా ఉన్నాడు. నడుం దగ్గర్నుంచి రెండు పక్కలా వెడల్పుగా, గబ్బిలం రెక్కలు విప్పినట్టు. వీడెప్పుడు ఇంత లావయ్యాడని అడిగాను. పొద్దున్నే ఒళ్ళు విరుచుకునేవాడేమో అనుకున్నామన్నాడు కెల్విన్. ఒక్కొక్కటీ మారుతున్న కొద్దీ నాకు నీరసం ముంచుకొచ్చింది. ఇక ఆపెయ్యండి, పూలకుండీయే పెడదామని అనబోయాను.

అప్పుడు కెల్విన్, ఐవర్ ఇంకా షిఫ్టులు చేస్తున్న రోజుల్లో తను తీసినదొకటి తెరిచాడు. ఆ రోజు దక్షిణపు గాలి విపరీతంగా ఉందట. సూర్యోదయం తీసీ తీసీ విసుగొచ్చి, ఆయన రాళ్ళ అంచు దాకా వెళ్ళి, సముద్రానికి వీపు పెట్టి, తొలి ఎండ పడ్డ కొండని తీశాడు. కొండ బాగా వచ్చింది, కింద ఇద్దరు మనుషులు పడి పాడైంది. తర్వాత చెరిపేద్దాంలే అనుకుని బద్ధకించాడు.

ఆ ఇద్దరిలో ఒకరు జెనీన్. పూల పైజామా, రబ్బరు బూట్లు, కెమెరా మీదికి వంగిపోయిన టోపీ. రెండోవాడు మా ఐవర్. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. ప్రతి ముడతా కనిపిస్తోంది. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడ్డ కళ్ళు వాచి, ఎర్రగా ఉన్నాయి. గాలి వచ్చే వైపు నిలబడి, కోటు గుండీలన్నీ విప్పి, రెండు అంచులూ రెండు చేతులతో బారజాపి పట్టుకున్నాడు. కెరటం తుంపరలు లేచి ఆ కోటుకి కొట్టుకుని ఆగిపోతున్నాయి. లోపలి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. సూర్యుడి వైపు చూడడం లేదు, కొండ వైపు చూడడం లేదు. జెనీన్ టోపీ వైపు చూస్తున్నాడు. అంత అలిసిపోయిన మొహంలోనూ ఏదో తమాషా చూస్తున్నవాడి నవ్వు ఉంది. చిన్నప్పుడు పెరట్లో బల్లి పిల్లల్ని చూస్తూ అలాగే నిలబడేవాడు.

జెనీన్ తెర దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూసింది.

"నా లెన్సు మీద ఎప్పుడూ ఉప్పు నీళ్ళు పడేవి కావు" అంది. "అందరూ తుడుచుకుంటూ చచ్చేవాళ్ళు. నేను నిలబడే రాయి చాటు మంచిదనుకున్నాను వదినా."

కెల్విన్ కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. నేను కేకు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను.

కాసేపటికి జెనీన్ ముక్కు తుడుచుకుని, లాప్‌టాప్ తన వైపుకి లాక్కుంది. కూరగాయలు తరిగినంత తేలిగ్గా తనని తాను కోసేసింది. కొండ కూడా కొంత పోయింది. మిగిలింది ఐవర్ ఒక్కడే. మొహం పెద్దదై బాగా కనిపిస్తోంది, నేను రెండు రోజులుగా అడిగిందీ అదే. కానీ ఎదురుగా ఎవరూ లేకుండా, కోటు విప్పి పట్టుకుని, ఖాళీ రాళ్ళ వైపు చూసి నవ్వుతున్నాడు. కావాలంటే చేతుల్ని కూడా తీసేసి భుజాల దాకా సర్దవచ్చని కెల్విన్ మెల్లగా అన్నాడు.

"వద్దు" అన్నాను. "నువ్వు లేకపోతే వాడు పిచ్చివాడిలా ఉన్నాడే. మళ్ళీ వెనక్కి పెట్టు."

"పైజామాలో ఉన్నాను వదినా. పెట్టె మీద పెడతారా నన్ను?"

"పెడతాం."

నా వైపు తిరిగి చూసింది. మూడు రోజుల్లో నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి. తర్వాత కోసేసిన ముక్కని మళ్ళీ తెచ్చి పెట్టింది. నా కోపం పూర్తిగా పోయిందని చెప్పను. మనిషి పక్కనే ఉండగా ముప్ఫై ఏళ్ళు అటు తిరగకపోవడం ఏమిటని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ వాడు ఆ కోటు పట్టుకుని నిలబడింది ఎవరూ బలవంతం చేసి కాదు, అది నా కళ్ళతో నేనే చూశాను.

టామ్సిన్‌కి పంపితే, ఈ ఫోటోయే కదా అని ఫోన్ చేసి మరీ అడిగింది. అదేనని చెప్పాను.

శుక్రవారం అంత్యక్రియల చాపెల్ నిండిపోయింది. క్లబ్బు వాళ్ళు ఒక పక్క, ఉక్కు కర్మాగారం వాళ్ళు ఇంకో పక్క కూర్చున్నారు. పెట్టె మీద ఫోటో నిలబెట్టారు. పాట అయిపోయి పాస్టరు మొదలుపెట్టబోతుండగా, మూడో వరసలోంచి బ్లాగోయ గొంతు ఖంగున వినిపించింది. ఐవర్‌తో ఒకే కొలిమి దగ్గర పనిచేసిన మాసిడోనియా మనిషి, ఆ మోతకి చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. తను పక్కనున్నావిడని గుసగుసగానే అడిగాననుకున్నాడు.

"ఏంటమ్మా, కోటు విప్పి మనవాడు ఏం అమ్ముతున్నాడక్కడ?"

జనం నవ్వారు. నవ్వాపుకోలేక నేనూ నవ్వాను. జెనీన్ నవ్వలేదు. లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

"నేను తడవకుండా పట్టుకున్నాడు" అంది. "రోజూ పట్టుకునేవాడు. నేను చూడలేదు."

బ్లాగోయ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు.

"ఏమందీ?"

జెనీన్ ఆ మాటే మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా, అతనికి వినబడేలా.